తలుపు మీద రేకు చేప

బహ్రెయిన్‌లోని మా తుబ్లీ వర్క్‌షాపు వెల్డర్ లీ వాళ్లకు ఈ రోజు చైనా కొత్త సంవత్సరం. డ్యూటీ అయ్యాక అతను ఖాళీ ఎర్ర నూనె డబ్బా కత్తిరించి, పొలుసులతో సహా ఒక చేపను చేసి, తన లేబర్ క్యాంపు గది తలుపుకు వేలాడదీశాడు. వాళ్ల భాషలో చేప అన్నా, మిగులు అన్నా ఒకేలా పలుకుతారట. అందుకే చేప ఉన్న ఇంట్లో దేనికీ లోటుండదట.

"క్యాంపు గదికి ఇదంతా ఎందుకు భాయ్?" అన్నాను.

"పడుకునేది ఇక్కడ, తినేది ఇక్కడ. మరి ఇల్లు ఎక్కడ?" అన్నాడు వచ్చీరాని హిందీలో.

ఇక్కడికొచ్చిన ఆరేళ్లలో ఏ పండగకూ నేను నా తలుపుకు ఏమీ కట్టలేదు. సిగ్గేసి, అతని దగ్గర రేకు కత్తెర అడిగి తీసుకున్నాను. నా చేప కప్పలా వచ్చింది. అయినా కట్టేశాను.

మీ గది తలుపుకు ఏముంది?