విరిగిన కాలితో నా గుమ్మం తొక్కిన తల్లి

సహోదరులారా, ఈ రోజు మీ ముందు మాట తడబడకుండా నిలబడ్డానంటే అది నా గొప్పతనం కాదు, దేవునికే మహిమ! తెలంగాణ వచ్చిన కొత్తలో నన్ను చూసినవారు ఇక్కడ ఉన్నారు. పొద్దున్నే మందు పడకపోతే చొక్కా గుండీ పెట్టుకోవడానికి కూడా నా వేళ్ళు లొంగేవి కావు. నా భార్య ఎస్తేరును కొట్టాను, కూతురి బడి ముందు తూలి పడ్డాను, ఆ పిల్ల నన్ను చూసి ఎవరో అన్నట్టు తల తిప్పుకుని వెళ్ళిపోయింది.

అప్పట్లో నేను చౌటుప్పల్‌లో రత్నమ్మ గారి అట్టపెట్టెల ఫ్యాక్టరీలో వ్యాను డ్రైవరును. భర్త పోయాక ఇంట్లో కూర్చుని చేత్తో పెట్టెలు అంటించిన మనిషి ఆమె, మందుల కంపెనీలన్నిటికీ సరుకు పంపేంతగా ఎదిగింది, దిక్కులేని ఆడవాళ్ళను వెతికి వెతికి పనిలో పెట్టుకుంది, వాళ్ళ ఆడపిల్లల చదువు కోసం హాస్టలు కట్టించింది!

ఒక ఉదయం తాగి వ్యాను వెనక్కి తీస్తూ, గేటు దగ్గరున్న ఆ తల్లినే గుద్దేశాను. ఆమె కాలు విరిగింది. కేసైంది, లైసెన్సు పోయింది, బెయిలు మీద ఇంటికొచ్చి తలుపు వేసుకుని, ఇక చావే నయం అనుకున్నాను.

వారం తిరక్కుండా ఆమె వచ్చింది సహోదరులారా! కాలికి కట్టుతో, చంకకర్రల మీద, ఆటో దిగి నా గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మా, నన్ను జైల్ల పెట్టియ్యి, గంతే" అన్నాను.

"కేసు సంగతి కోర్టు చూసుకుంటది బిడ్డా. స్టీరింగు మళ్ల నీ చేతికియ్య. గని నిన్ను మాత్రం ఇడ్వ. లే, దవాఖానకు పోదాం" అంది. నా తల మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, నా కాలు అతుక్కుంటది, దానికి ఫికర్ లేదు. గీ పిలగాని బతుకు అతికియ్యి" అని ప్రార్థించింది. అంతే!

దవాఖానలో మూడు రోజులు నరకం చూశాను. ఒంటి మీద పురుగులు పాకుతున్నాయని అరిచాను, నన్ను మంచానికి కట్టేశారు. నాలుగో రోజు తెల్లవారి ఎస్తేరు ఇచ్చిన గంజి కడుపులో నిలిచింది, ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు! కోర్టు వేసిన శిక్ష అనుభవించి వస్తే రత్నమ్మ తల్లి నన్ను గోదాము పనిలో పెట్టుకుంది. చివరిదాకా కుంటుతూనే నడిచింది, ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు.

ఆమె ప్రభువు సన్నిధికి చేరిన రోజు నల్గొండ నుంచి, పాలమూరు నుంచి ఆమె చదివించిన నర్సులు, టీచర్లు వచ్చారు, బురఖాల్లో తల్లులు ఏడుస్తూ వచ్చారు, శవపెట్టెను మగవాళ్ళ చేతికివ్వకుండా ఫ్యాక్టరీ ఆడవాళ్ళే భుజాన మోశారు! తర్వాత వకీలు ఆమె వీలునామా చదివాడు. ఫ్యాక్టరీని పనివాళ్ళ ట్రస్టుకు రాసింది. తాను ఉన్న ఇల్లు, తాగుడు మానాలనుకునేవారికి. ఆ ఇంటి తాళాలు ఎవరికో తెలుసా? ఆమె కాలు విరగ్గొట్టిన నాకు!

నా మీద దేవునికున్న నమ్మకం ఎంతో ఆ రోజు అర్థమై మోకాళ్ళ మీద పడ్డాను. మీ ఇంట్లో అప్పటి నాలాంటివాడుంటే ఆ ఇంటికి తీసుకురండి. వాడు రానంటే చెప్పండి, నేనే వస్తాను.