తెలీదని చెప్పడానికి రైలెక్కిన టీచరమ్మ

మా సైన్సు టీచరమ్మ పోయారని మొన్న పొద్దున బాపట్ల నుంచి వాళ్ళమ్మాయి ఫోను చేసి చెప్పింది. నిద్రలోనే పోయారట. వయసు మీద పడిన మనిషే, ఎప్పుడో ఒకప్పుడు వినాల్సిన మాటే. అయినా ఆ రోజంతా నాకు ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు.

అరవైల చివర్లో ఆవిడ తెనాలిలో మా ఆడపిల్లల బడికి వచ్చారు. నేత చీర, వేళ్ళకి ఎప్పుడూ సుద్ద పొడి. పాఠం మధ్యలో ఆగి, "ఇది నాకు సరిగ్గా తెలీదర్రా, చూసొచ్చి రేపు చెప్తాను" అనేవారు. టీచరంటే అన్నీ తెలియాలనుకునే మేం వెనక బెంచీల్లో నవ్వుకునేవాళ్ళం. ఆవిడ మాత్రం మర్నాడు తప్పకుండా చూసొచ్చి చెప్పేవారు.

మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, రేపల్లెలో బాబాయి దగ్గర ఉండేది. ఋషిపంచమికి నాగలి తగలని గింజే తినాలని నియమం. అక్కడి పల్లాల్లో, నీళ్ళ గుంటల్లో ఎవరూ విత్తకుండా మొలిచే నివ్వరిని దులిపించి, దంపించి, ఆ ఎర్ర బియ్యం మాకూ పంపేది. ఓ ఏడు నేను గుప్పెడు బడికి పట్టుకెళ్ళాను. టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"మీ ఇళ్ళల్లో వెన్న కాచేటప్పుడు తమలపాకు ఎందుకేస్తారర్రా?" అని అడిగారు.

"నెయ్యి తొందరగా చెడిపోదండి" అన్నాం.

"గాలి తగిలితే నెయ్యైనా నూనైనా పాడవుతుంది. ఆకులో ఉన్నదేదో దాన్ని అడ్డుకుంటుంది. ఈ ఎరుపులోనూ అలాంటిది ఉందేమో చూద్దాం."

బియ్యం పైపొరని స్పిరిట్‌లో నానబెట్టి, ఆ ఎరుపు దింపి నువ్వుల నూనెలో కలిపారు. ఏమీ కలపని నూనె ఇంకో సీసాలో పోశారు. రెండూ నెలల తరబడి కిటికీలో ఉన్నాయి. వేసవి సెలవుల ముందు మూతలు తీస్తే వట్టి నూనె కంపు కొట్టింది, ఎర్రది బాగానే ఉంది. మేం చప్పట్లు కొట్టబోతే, "ఒక్కసారికే పండగ చేసుకోకండి" అన్నారు.

ఇప్పుడు అలాంటి వాటికి యాంటీ ఆక్సిడెంట్లని పేరు. అడవి బియ్యం పొట్లాల మీద అచ్చేసి మరీ అమ్ముతున్నారు. మేలు చేస్తాయేమోనని చదువుకున్నవాళ్ళు అంటారు, అమ్మేవాళ్ళు ఆ 'ఏమో'ని మింగేసి షుగరు పోతుందంటారు. అది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ నమ్మకం ఒకప్పుడు మా ఇంట్లోకే వచ్చి కూర్చుంది.

మామ్మకి షుగరు. రోజూ సూది వేయించుకోవాలి. సెలవుల్లో నేను చెప్పిన సీసాల సంగతి విని, "దున్నని గింజ, దోషం లేనిది, నాకు మందూ అదే" అని సూది మానేసింది. బాబాయి బతిమాలినా, డాక్టరు కోప్పడినా వినలేదు. బడి తెరిచేనాటికి కాలి మీద పుండు ముదిరి, మామ్మ మంచం పట్టిందని కబురొచ్చింది. నేను వెళ్ళి టీచరమ్మకి చెప్పాను. ఆ ఆదివారమే నన్ను వెంటబెట్టుకుని రేపల్లె రైలెక్కారు.

మామ్మ పడుకునే మాట్లాడింది. "చెడిపోకుండా ఆపుతుందని కనిపెట్టింది నువ్వే కదమ్మా" అంది.

"సీసాలో నూనెని ఆపింది మామ్మగారూ. మీ ఒంట్లో ఏం చేస్తుందో నాకు తెలీదండి. మంచి తిండే, తినండి. సూది మాత్రం మానకండి."

"తెలీదని చెప్పడానికి తెనాలి నుంచి వచ్చావా?"

"అవునండి. తెలిసిన సంగతైతే ఉత్తరం రాసేదాన్ని."

"సరే, ఆ కాంపౌండర్ని పిలవరా" అంది మామ్మ బాబాయితో. ఆ తర్వాత మామ్మ చాలా ఏళ్ళు బతికింది, నా పెళ్ళి చూసింది. ఆ ఏళ్ళు మీరిచ్చినవేనని ఓసారి టీచరమ్మతో అంటే, "డాక్టరుగారు ఇచ్చినవి" అని దిద్దారు. ఆవిడ దిద్దినా, నా మనసులో మాట మాత్రం మారలేదు.

ఆ రోజు కాంపౌండరు వచ్చాడు. గాజు సిరంజి గిన్నెలో మరిగింది. మామ్మ ఒక చెయ్యి అతనికిచ్చి, రెండోది టీచరమ్మకిచ్చింది. ఆవిడకి సూదంటే ఎంత భయమో నాకు అప్పుడే తెలిసింది. మొహం గోడవైపు తిప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, మామ్మ చేతిని రెండు చేతులా పట్టుకున్నారు.

"అయిపోయిందమ్మా" అంది మామ్మ. "ఇక కళ్ళు తెరువు."