దాపటి గుంజకు కట్టిన సైకిల్

మా బాపు సైకిల్ చక్రాలను ఎద్దును కొన్నట్టే కొన్నాడు. ఎగతాళికి అనడం లేదు, జరిగింది జరిగినట్టే చెబుతున్నాను. కామారెడ్డి స్టేషన్ దగ్గరి సైకిల్ దుకాణంలో మిస్త్రీ రెండు చక్రాలు తెచ్చి ముందు పెట్టగానే, బాపు భుజం మీది తువ్వాల తీసి కుడిచేతి మీద కప్పుకొని, ఆ చేతిని మిస్త్రీ ముందుకు చాచాడు. పశువుల అంగడిలో బేరమంటే అదే. ధర నోటితో చెప్పరు. తువ్వాల కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకొని చెప్పుకుంటారు. మిస్త్రీ పట్నం నుంచి వచ్చినవాడు, అతనికి ఈ సంగతి ఎక్కడ తెలుస్తుంది? బాపు చేతికి గాయమైందనుకొని పసుపు తెమ్మని ఇంట్లోకి కేకేశాడు.

"దెబ్బ గాదు సాయబూ, ధర," అన్నాడు బాపు.

"ధరకు దెబ్బ తాకిందా పటేలా?" అన్నాడు మిస్త్రీ.

వీళ్లిద్దరి మధ్యన నా బతుకు చిక్కుకొని ఉంది. అదెట్లాగో చెబుతాను.

అప్పటికి నాకు ఇరవై ఏళ్లు ఉంటాయి. బడి మానేసి చాలా కాలమైంది. మానేసిన రోజున నాకంటే పంతులే ఎక్కువ సంతోషించాడు. ఉర్దూలో అక్షరాలు కుడి నుంచి ఎడమకు రాయాలన్నాడు, అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికి రాయాలన్నాడు. "మరి రెండూ ఎదురుపడితే ఎవలు పక్కకు జరుగుతరు సార్?" అని అడిగాను. నిజంగా తెలుసుకుందామనే అడిగాను. జరగాల్సింది నేనేనని తేలింది. అట్లా గుమ్మం దాటినవాణ్ణి మళ్లీ లోపలికి పోలేదు.

తర్వాత నాకు దొరికిన పని తమలపాకులు మోయడం. ఆకుల గంపలు రైల్లో వచ్చి కామారెడ్డిలో దిగేవి. వాటిని సైకిల్ వెనుక కట్టుకొని, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి చేర్చాలి. అక్కడ ఆకుల దుకాణం ఒక పెద్దమ్మది. ఆమె ఎవరికీ చుట్టం కాదు, నోటికి జడిసి అందరూ పెద్దమ్మ అనేవారు. తమలపాకు సంగతి తెలిసిందే, ఎండ తగిలితే అలుగుతుంది, ఆలస్యమైతే నల్లబడుతుంది. బండి మీద వేస్తే ఎల్లారెడ్డి చేరేసరికి ఆవులకు వేయాల్సిందే. అందుకే సైకిల్ వాడికి ఆ పని.

నా సైకిల్ ఫిక్స్ చక్రంది. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. దాని మీద ఉన్నంతసేపు కాళ్లకు సెలవు లేదు. చక్రం తిరిగినంతసేపు పెడల్ తిరగాల్సిందే. పల్లంలో కూడా అంతే. ఆపాలంటే తిరిగే పెడల్‌ను కాళ్లతో ఎదురు నొక్కాలి. ముందు చక్రానికి బ్రేకు ఉండేది గానీ, దాని రబ్బరు అరిగిపోయి పేరుకే మిగిలింది.

ఒకనాడు లింగంపేట దాటాక గుట్ట దిగుతున్నాను. వేగం పెరిగింది. కాళ్లతో ఎదురు నొక్కాను. లోపల ఏదో కిర్రుమంది. మరుక్షణం నా కాళ్లు గాలిలో తొక్కుతున్నాయి, చక్రం దాని దారిన అది పోతున్నది. వెనుక చక్రం నడుమ హబ్బు మీద పళ్ల బిళ్ల ఒకటి ఉంటుంది, గొలుసు తగులుకునేది దానికే. అది మర విప్పుకొని వదులైంది. నేను సీతాఫలం పొదల్లో ఆగాను. సైకిల్ మాత్రం ఇంకొంచెం ముందుకు పోయి బండ మీద పడి, రెండు చక్రాల పుల్లలన్నీ, అవే స్పోకులన్నీ, విరుచుకుంది. పొద్దు గూకేవేళకు నడుచుకుంటూ ఎల్లారెడ్డి చేరాను.

పెద్దమ్మ గంప మూత తీసి చూసింది. తర్వాత నా తలలో ఇరుక్కున్న రెమ్మను చూసింది.

"తమలపాకులు తెమ్మంటే సీతాఫలం ఆకులు తెచ్చినవేందిరా?"

"కొత్త రకం పెద్దమ్మా. సున్నం ఎక్కువ పడతది."

"నీ నోటికి వెయ్యాలె సున్నం. ఇంకొక్కపారి గిట్లయితే మోటరు బస్సోనికి ఇస్త. ఇగ నీ ముచ్చట్లు నీ ఎడ్లకు చెప్పుకో."

ఆ మాట ఇంకోచోట తగిలింది. మా ఇంట్లో అప్పటికి ఉన్నది ఒక్క ఎద్దే. కుడిపక్క నడిచే ఎలపటి ఎద్దు మిగిలింది, ఎడమపక్క నడిచే దాపటిది ఆ ఎండకాలమే జబ్బు చేసి పోయింది. కొట్టంలో దాన్ని కట్టేసే గుంజ ఖాళీగా ఉండేది. బాపు రోజూ ఆ గుంజ వంక చూసేవాడు, తర్వాత గోడకు ఆనించిన నా సైకిల్ వంక చూసేవాడు. రెండు చూపులకు నడుమ ఏముందో నాకు తెలుసు. సైకిల్‌ను అమ్మి ఎద్దును తేవాలి, నన్ను నాగలి వెనక నిలబెట్టాలి.

అవ్వ, అంటే మా అమ్మ, నడుమ పడి తీర్పు చెప్పింది. "ఒక్కపారి మంచి చక్రాలు ఏపియ్యి. గుట్ట దిగినంక నిలబడితె సైకిల్ ఉంటది. ఊడితె ఎద్దు వస్తది."

బాపు ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. చక్రాలను తనే చూసి తీసుకుంటాడు. గుట్ట దిగేటప్పుడు వెనుక తనే కూర్చుంటాడు.

అందుకే ఆ రోజు దుకాణంలో తువ్వాల.

రెండో ప్రపంచ యుద్ధం మొదలై కొత్త సామాను రావడం తగ్గిన కాలమది. మిస్త్రీ దగ్గర ఉన్నదాంట్లోనే ఏరుకోవాలి. ముందుగా తళతళ మెరిసే రిమ్ములు చూపించాడు. నా కళ్లు వాటి మీదే ఉన్నాయి. బాపు వేలితో గీకి చూసి పక్కన పెట్టాడు.

"అంగట్ల ముసలెద్దు కొమ్ములకు గిట్లనే నూనె పూస్తరు. నల్లటియి ఉంటె తీయి."

నల్ల రిమ్ములు వచ్చాయి. బరువైనవి, అందం లేనివి. బాపు ఒక్కోదాన్ని నేల మీద దొర్లించాడు, వంగి ఒక కన్ను మూసి చూశాడు, మెటికలతో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత పుల్లల మీద చేయి వేసి ఆగిపోయాడు.

"ఏందిరా ఇది? బండి చక్రానికి నా చెయ్యంత లావు కట్టె ఆకులుంటయి. గీ దారాల మీద మనిషి ఎట్ల నిలబడతడు?"

నిజానికి నాకూ అదే అనుమానం చాలా రోజులుగా ఉంది. ఒక విడి పుల్లను నిలబెట్టి పైనుంచి నొక్కితే చీపురుపుల్లలాగా వంగుతుంది. అటువంటివి ఒక గంపను, ఒక మనిషిని ఎట్లా మోస్తాయి? దుకాణంలోనే నులకమంచం ఒకటి వాల్చి ఉంది. బాపు దాని మీద కూర్చొని చాలాసేపు చక్రాన్ని మీటుతూ ఉన్నాడు. పుల్ల టింగుమంటే పక్కదాన్ని మీటేవాడు. ఉన్నట్టుండి లేచి, తను కూర్చున్న మంచం నులకను కూడా మీటాడు.

"నిలబడతలేడు," అన్నాడు మెల్లగా. "యాలాడుతున్నడు. మంచం మీద పండుకున్నోన్ని నులక కిందికెల్లి మోస్తదా? అటుఇటు గుంజి పడతది. ఇదీ గంతే. ఒక్కటి వదులైతే పక్కది తెగుతది."

ఇక అక్కడి నుంచి ఆయన పట్టు వదలలేదు. మంచం బిగించేవాడు నులకను చూసినట్టు ప్రతి పుల్లను లాగి చూశాడు. మిస్త్రీ బీడీ వెలిగించుకొని వచ్చి పక్కన కూర్చున్నాడు. తనకూ సరదా పుట్టినట్టుంది. ఇంతవరకు బాగానే ఉంది. అప్పుడు బాపు పుల్లలు లెక్కపెట్టాడు.

వెనుక చక్రానికి నలభై. ముందు చక్రానికి ముప్పై రెండు.

బాపు ముఖం మారింది. "సాయబూ, ఎనిమిది యాడికి పోయినయి?"

"యాడికి పోలే పటేలా. కంపెనీ నుంచే అట్ల వస్తయి."

"జోడన్నంక రెండూ ఒక్క తీరు ఉండాలె. ఒకటి బలిసినది, ఒకటి బక్కది కడితె కాడి ఒంకర పోతది. ముందటిదానికి గూడ నలభై ఎయ్యి."

"ముందటి హబ్బుకు అన్ని చిల్లులు లేవు పటేలా."

"అయితె ఎనుకదాంట్ల ఎనిమిది పీకెయ్యి. జోడు కలుస్తది."

గంప వెనుకే ఉంటుంది, బాపు కూర్చునేదీ వెనుకే. ఎనిమిది పుల్లలు పీకిన చక్రంతో గుట్ట దిగితే ఎల్లారెడ్డికి కాదు, నేరుగా నాగలి దగ్గరికే చేరతాను. బాపుతో వాదించి గెలిచినవాడు మా ఇంట్లో లేడు. కాని అడిగితే మాత్రం జవాబు చెబుతాడు.

"బాపూ, పండుకున్న ఎద్దు లేసేటప్పుడు ముందుగల్ల ఏ కాళ్లు లేపుతది?"

"ఎనుక కాళ్లు. గది గూడ తెల్వదా?"

"ఎందుకు?"

"బలం ఆడ్నే ఉంటది గనుక."

"మరి ఎద్దు ముందటి కాళ్లు, ఎనుక కాళ్లు ఒక్క తీరు లేవని అంగట్ల ఎన్నడన్న కొట్లాడినవా?"

బాపు ముందు చక్రాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"ఇవి రెండెడ్లు గావు బాపూ. రెండూ గలిస్తేనే ఒక్క ఎద్దు. ముందటిది దారి సూస్తది, ఎనుకది బరువు మోస్తది."

మిస్త్రీ బీడీ నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు. బాపు రెండు చక్రాలను పక్కపక్కన కాకుండా ఒకదాని వెనుక ఒకటి పెట్టి చూసుకున్నాడు. "ఊఁ," అన్నాడు. "అయితె దీనికి జోడేదిరా?"

నేను చక్రాలను గోడకు ఆనించి మిస్త్రీ వైపు తిరిగాను.

మిగిలింది వెనుక చక్రం హబ్బు, ఏది ఏరుకుంటే దాని మీద పుల్లలు మళ్లీ అల్లి ఇస్తారు. మిస్త్రీ సంతోషంగా కొత్త రకం ఒకటి చూపించాడు. దానితో కాళ్లు ఆపినా చక్రం తన మానాన కటకటమంటూ తిరుగుతూనే ఉంటుంది. పల్లంలో హాయిగా కూర్చోవచ్చు. నా పిక్కలు అక్కడికక్కడే దాని మీద మనసు పడ్డాయి.

"మనం నిలుసున్నా అది నడుస్తదా?" అన్నాడు బాపు. "గసొంటి ఎద్దును ఉత్తగిచ్చినా నేను తోలుకపోను."

బ్రేకు రబ్బరుకు దిక్కులేని రోజుల్లో ఆ మాటకు ఎదురు చెప్పడం నాకూ చేతకాలేదు. ఫిక్స్ హబ్బులే రెండు బయటికి వచ్చాయి. ఒకటి సన్నగా మెరుస్తోంది. ఇంకోటి మొద్దుగా ఉంది, మర చుట్లు లోతుగా ఉన్నాయి. అయితే ఆ మొద్దుదానికి పళ్ల బిళ్ల కూర్చునే మర పక్కనే, కొంచెం చిన్నగా రెండో మర ఉంది. దానితో పాటు ఒక ఉంగరం కూడా. బాపు ఆ ఉంగరాన్ని తిప్పి బిగించబోయాడు. ఎక్కలేదు. మళ్లీ ప్రయత్నించాడు.

"మర ఖరాబుంది సాయబూ."

నేను తీసుకొని ఊరికే ఎడమకు తిప్పాను. చక్కగా ఎక్కి కూర్చుంది.

"ఉల్టా మర," అన్నాడు మిస్త్రీ, అదేమీ పెద్ద సంగతి కాదన్నట్టు.

ఎందుకు ఉల్టా? ఒక బిళ్లకు కుడి మర, దాన్ని ఆనుకున్న ఉంగరానికి ఎడమ మర పెట్టిన మనిషి ఊరికే పెట్టడు. పళ్ల బిళ్ల బిగించాను, పైన ఉంగరం బిగించాను, గుట్ట మీద చేసినట్టుగా బిళ్లను వెనక్కి తిప్పాను. అది విప్పుకోవాలని కదిలింది. కదలగానే ఉంగరాన్ని రాసుకుంది. ఉంగరం కూడా అటే తిరగబోయింది, కాని దానికి అటు తిరగడమంటే బిగుసుకోవడమే. ఎంత బలంగా తిప్పితే అంత గట్టిగా పట్టింది. నా పాత హబ్బుకు ఈ ఉంగరం ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. అసలు అట్లాంటిదొకటి ఉండాలనే నాకు తెలియదు. ఎదురుపడితే ఎవరు పక్కకు జరుగుతారని బడిలో అడిగాను కదా. ఇక్కడ ఎవరూ జరగడం లేదు.

బాపు కూడా తిప్పి చూశాడు. ఒకసారి కాదు, చాలాసార్లు.

"ఇదొస్తనంటె అది రానియ్యది," అన్నాడు. "ఎలపట, దాపట." తర్వాత నా వైపు తిరిగాడు. "జోడు గిక్కడున్నదిరా."

ఆ హబ్బే తీసుకున్నాం. తువ్వాల కింద బేరం ఎట్లా ముగిసిందో నాకు తెలియదు. చేయి బయటికి తీసేటప్పుడు మాత్రం ఇద్దరూ నవ్వుతున్నారు.

ఆకులు దిగిన రోజున బయలుదేరాం. వెనుక బాపు, బాపు ఒళ్లో తడిగుడ్డ కప్పిన గంప. లింగంపేట దాకా ఊళ్లవాళ్లందరినీ పలకరిస్తూ వచ్చాడు. గుట్ట మీదికి రాగానే మాట ఆగింది. పల్లం మొదలైంది. పెడల్ నా కాళ్లను తరమసాగింది. ఎదురు నొక్కాను. కిర్రుమనలేదు. ఇంకా నొక్కాను. వెనుక నుంచి బాపు, "హో... హోహో... హో!" అని ఎద్దును ఆపే కేక పెడుతున్నాడు. నన్ను అంటున్నాడో, చక్రాన్ని అంటున్నాడో తెలియలేదు. పాత సీతాఫలం పొదలు పక్కనుంచి మెల్లగా వెళ్లిపోయాయి. ఇంత మెల్లగా పోతే ఇవి ఎంత పచ్చగా ఉన్నాయో కనిపిస్తాయని అప్పుడే తెలిసింది.

గుట్ట కింద బాపు దిగాడు. హబ్బు మీద చేయి పెట్టాడు, ఉంగరాన్ని కదిపి చూశాడు, పుల్లలు మీటాడు. మళ్లీ ఎక్కాడు.

పెద్దమ్మ గంప మూత తీసింది. ఆకు తీసి చెంపకు ఆనించుకొని చల్లదనం చూసింది. "ఈ ముసలాయనెవలు?"

"కొత్త బ్రేకు పెద్దమ్మా. ఊకె హో అంటది."

ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే. మోటరు బస్సు మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక సైకిల్‌ను ఎప్పటిలాగే గోడకు ఆనించాను. కాళ్లు కడుక్కొని వచ్చేసరికి అది అక్కడ లేదు. బాపు దాన్ని కొట్టంలోకి తీసుకుపోయి, దాపటి గుంజకు పలుపుతాడుతో కట్టేశాడు. కొత్త ఎద్దును తెచ్చిన రోజున పాతదాని పక్కన అట్లాగే కట్టి, పడుతుందో లేదో చూస్తారు. ఎలపటి ఎద్దు మెడ చాచి సీటును వాసన చూసింది, గ్రీజు దగ్గర బుస్సున తుమ్మింది, తర్వాత హ్యాండిల్‌ను నాకడం మొదలుపెట్టింది.

"పొడుస్తలేదు," అన్నాడు బాపు అవ్వతో.

"మరి దున్నుడెట్ల?" అంది అవ్వ.

"పక్కింటోనికి గూడ ఒక్కటే ఎద్దు ఉన్నది. పొత్తుకు కడత."

మర్నాడు తెల్లవారి రైలు కూత వినబడుతుంటే నేను కొట్టంలో ఆ ముడితో కుస్తీ పడుతున్నాను. ఎద్దులు గుంజుకున్నా రాకుండా వేసే ముడి అది. బడిలోనూ నేర్పలేదు, బాపూ నేర్పలేదు. చివరికి ఆయనే వచ్చి ఒక్క వేలితో విప్పి, సైకిల్ సీటు మీద రెండుసార్లు తట్టి పంపించాడు.