సీమపెయ్యకు పడని సూది

మా సీమపెయ్య చావుకు మా అమ్మ కారణం కాదు. చనిపోయేదాకా ఆ నింద ఆవిడే మోసింది.

మొన్న మా వీధిలో పశువుల డాక్టరు దూడలకు సూదులేస్తుంటే ఆ స్పిరిటు వాసన నన్ను వంశధార ఒడ్డున మా ఊళ్లోకి ఈడ్చుకుపోయింది.

తాటిముంజలు ముదిరిపోయే రోజులు. చుట్టుపక్కల ముసరవ్యాధి తగిలి పశువులు నోళ్లు పుళ్లుపడి, పారుకుంటూ కూలిపోతున్నాయని మా ఊరు కట్టు కట్టింది. పొలిమేరలో వేపమండల తాడు అడ్డం కట్టారంటే, విప్పేదాకా ఎవరూ అది దాటకూడదు. పశువులు శాలల్లో, పిల్లలం ఇళ్లల్లో. పూటపూటా చోడంబలి, వేపాకు పొగ, ఈగల రొద. సూదులేసే డాక్టరును మాత్రం రానిచ్చారు. ఆయన తూర్పువీధి పశువులకు వేసి, పడమటివీధికి మళ్లీ వస్తానని వెళ్లాడు.

మాది తూర్పువీధి. మిషను బంగళాలో తోటపని చేసే మా నాన్నకు అక్కడి దొరసాని ఇచ్చిన సీమావు పెయ్యకూ అదే సూది వేశాడు. ఇంతలో కళింగపట్నంలో తాతయ్యకు ప్రాణం మీదికొచ్చిందని తాడు అవతలి నుంచి ఎవరో కేకేస్తే అమ్మ ఆగలేక దాటేసింది. తిరిగొచ్చిన మర్నాడే పెయ్య పడిపోయి చచ్చింది. మిగతావి శుభ్రంగా మేస్తున్నాయి. అందరికీ ఒకే సూది వేస్తే మీదే ఎందుకు చచ్చిందన్నారు.

ఊరిపెద్ద భార్య, మా మేనత్త, గుమ్మంలో నిలబడి అంది: “కట్టు దాటి రోగాన్ని ఎంటేసుకొచ్చినావు. ఇంక గడప దాటితే సూడు.”

తర్వాత తాడు విప్పేశారు, మాకు తప్ప. నూతి దగ్గర అమ్మకు చేద అందించేవాళ్లు లేరు; నాతో కర్రాబిళ్ల ఆడేవాళ్లు లేరు. కిటికీ ఊచల్లోంచి పక్కింటి గోడ చూస్తూ పెరిగాను.

ఐదో తరగతితో బడి ఆగినా దొరికిందల్లా చదివాను. ఆ మందులో ఉన్నది మేక నుంచి మేకకు ఎక్కిస్తూ పోయిన వైరసు. అలా మేక ఒంటికి అలవాటుపడి, మన నాటు పశువుల మీద దాని వాడి తగ్గింది. సీమ రక్తమున్న పశువును చంపడానికి ఆ మిగిలిన వాడి చాలు. వాటికని కుందేళ్లలో సాగించి ఇంకా మెత్తబరిచిన మందు వేరే ఉండేదట!

ఇప్పుడు ముసరవ్యాధి భూమ్మీదే లేదు. ఆ శాలలు లేవు, వేపమండల తాడూ లేదు, అమ్మా లేదు. తొంభై దాటిన మేనత్త ఉంది. నులకమంచం పక్కన కూర్చుని ఇదంతా చెప్పి, ఇప్పుడేమంటావని నిలదీశాను. మేనత్త మంచంపట్టె పట్టుకుని లేచి కూర్చుంది. అంది:

“నువ్విప్పుడు సదివి సెప్తన్నావు. మీ పెయ్య ఆ మందు పడకే సచ్చిందని, పడమటీదికి మళ్లొచ్చిన డాట్రు ఆ పొద్దే మీ మావకి సెప్పినాడురా. ఆ మాట బయటికొస్తే పడమటీదోళ్లు సూదికి ఒక్క పశువునైనా తెస్తారేటి? అందుకే మీ అమ్మ మీదకి తోసీసినాం. పడమటీదిలో ఒక్కటి సావలేదు, సూసినావా.”