నిచ్చెనక్క తిండి గోల

ఫైర్ స్టేషన్లో ఆమెను అందరూ నిచ్చెనక్క అనేవాళ్ళు. బండి దిగగానే నిచ్చెన మీద మొదటి కాలు ఆమెదే మరి. వెనక మగవాళ్ళు బూట్లు సర్దుకునేలోపు ఆమె కిటికీలోంచి లోపలికి దూకేసి ఉండేది. అలాంటి మనిషి బిడ్డను కని ఇంట్లో ఉండగా స్టేషన్ నుంచి కబురొచ్చింది. తిరిగి చేరాలంటే పరీక్ష ఉంటుందట. యూనిఫాం వేసుకుని, ఇసుక బస్తా భుజాన పెట్టుకుని, గడువులోగా నాలుగంతస్తులు ఎక్కాలట. ఎక్కలేకపోతే టెలిఫోను బల్ల దగ్గర కూర్చోవాలట.

టెలిఫోను బల్ల అంటే ఆమెకు ఒళ్ళుమంట. ఎక్కడో ఇల్లు తగలబడుతోందని విని, ఇంకెవరినో పంపించి తను కుర్చీలో కూర్చోవడం కూడా ఒక ఉద్యోగమేనా అనేది.

సరే, యూనిఫాం తీసి చూసుకుంది. ప్యాంటు తొడల దగ్గరే ఆగిపోయింది, ఇక గుండీ సంగతి దేవుడెరుగు. కొత్తది ఇమ్మని స్టోరు గుమాస్తాకు ఫోన్ చేస్తే, పరీక్ష నెగ్గినవాళ్ళకే కొత్త బట్టలన్నాడు. యూనిఫాం లేనిదే పరీక్ష లేదు, పరీక్ష నెగ్గనిదే యూనిఫాం లేదు! ఈ రూలు రాసిన మహానుభావుడెవరో గానీ, జన్మలో బిడ్డను కని ఉండడు.

ఇక మొదలైంది ఆవిడగారి దీక్ష. పొద్దున చంటిదానికి పాలిచ్చి, వీపు సంచిలో ఇసుక నింపుకుని, వీధి చివరి పార్కింగ్ భవనం మెట్లు ఎక్కి దిగేది. ఇంటికొచ్చి టీ, దానితో ఒక బిస్కెట్టు. మధ్యాహ్నం అందరికీ వడ్డించి, గిన్నెలో మిగిలిన కూరముక్కలతో సరిపెట్టేది. ఆకలేస్తే నీళ్ళు తాగేది. ఎవరైనా అడిగితే తిన్నానని చెప్పేది. ఆ అబద్ధంలో ఆమెకు బాగా చెయ్యి తిరిగింది.

కొన్నాళ్ళకు చంటిది పాలు తాగుతూ తాగుతూ వదిలేసి గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది. పాలు చాలడం లేదని అందరికీ అర్థమైంది. అంతే, సలహాల సంత తెరుచుకుంది. మెట్లెక్కి దిగితే పాలు పులిసిపోతాయి, ఆ పరుగులు మానెయ్యమంది అత్తగారు. స్కూలు వ్యాను నడిపే మొగుడికి గొడవలంటే భయం. డబ్బాపాలు పట్టి ఈ పాలివ్వడం మానేస్తే అందరికీ సుఖమన్నాడు. స్టేషన్ అధికారి అయితే, ఎందుకమ్మా ఈ తిప్పలు, టెలిఫోను గదిలో ఫ్యాను కూడా ఉందని ఊరించాడు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. తలా ఒకటి మానెయ్యమనేవాళ్ళే గానీ, ఆమె కంచంలోకి తొంగిచూసిన పాపాన ఎవరూ పోలేదు. నిజం చెప్పాలంటే ఆమె కూడా చూసుకోలేదు.

ఆ కోపాన్ని గిన్నెల మీద, తలుపుల మీద చూపించేది. ఒకరోజు చంటిది ఎంతకీ ఊరుకోకపోతే, "నన్నేం చెయ్యమంటావే?" అని దాని మీదే అరిచింది. పిల్ల బెదిరిపోయి, ఏడుపాపి, తల్లి మొహంలోకి చూసింది. దాంతో నిచ్చెనక్క నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు అత్తగారిని వెంటబెట్టుకుని పిల్లను క్లినిక్కుకు తీసుకెళ్ళింది. అక్కడి నర్సు చంటిదాన్ని తూచి, పెరగాల్సినంత పెరగలేదని చెప్పింది. మెట్లెక్కడం వల్లేనా అని నిచ్చెనక్క భయం భయంగా అడిగింది. ముందు నువ్వు కూడా తూకం ఎక్కమంది నర్సు. నిచ్చెనక్క చెప్పులు విప్పి కాస్త గర్వంగానే ఎక్కింది. బాగా తగ్గింది మరి, ప్యాంటు గుండీ అప్పుడప్పుడే పడుతోంది. నర్సు మెచ్చుకుంటుందనుకుంది.

నర్సు మెచ్చుకోలేదు. పొద్దుటినుంచీ ఏం తిన్నావని అడిగింది. అలవాటు కొద్దీ తిన్నానంది. అదే, ఏం తిన్నావని మళ్ళీ అడిగింది. అత్తగారికి ఏం పెట్టిందో, మొగుడి డబ్బాలో ఏం సర్దిందో అడిగితే గడగడా చెప్పేసేది. తన సంగతికొచ్చేసరికి టీ తప్ప ఏదీ గుర్తురాలేదు. పక్కనున్న అత్తగారు కోడలి మొహంలోకి తేరిపార చూసింది.

"మెట్లు ఏం చేశాయమ్మా పాపం? నువ్వు కడుపు మాడ్చుకుంటున్నావు," అంది నర్సు. "పాలిచ్చేదానికి మామూలుకంటే ఎక్కువ తిండి కావాలి. పైగా కసరత్తు చేస్తే ఇంకా కావాలి. రెండూ చెయ్యి, ఎవరొద్దన్నారు? కానీ తిను."

గుడ్లు, పప్పు, పెరుగు, ఆకుకూరలు, పళ్ళు, గుప్పెడు వేరుశెనగలు తినమంది. ఆకలిని నీళ్ళతో మభ్యపెట్టొద్దంది. పిల్ల అడిగినప్పుడల్లా పాలిచ్చి, వారం తిరిగేసరికి మళ్ళీ తూకానికి తీసుకురమ్మంది.

 ఇంటికి రాగానే అత్తగారు వంటింట్లోకి వెళ్ళి, మొదటి కంచం కోడలి ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"తిను అమ్మాయ్. నువ్వు తినేదాకా నేను లేవను."

సంతోషం రావలసిన చోట నిచ్చెనక్కకు చిరాకొచ్చింది. తింటే ప్యాంటు పట్టదు, ప్యాంటు పట్టకపోతే టెలిఫోను బల్లే గతి.  అయినా ముద్ద కలిపి మింగింది.

తినగా తినగా పాలు పడ్డాయి. చంటిది కడుపునిండా తాగి ఒళ్ళు మరిచి నిద్రపోసాగింది. మెట్ల మీద ఆయాసం కూడా తగ్గింది. ప్యాంటు మాత్రం మళ్ళీ మొరాయించింది. నిచ్చెనక్క పిల్లనెత్తుకుని స్టోరుకెళ్ళి, ప్యాంటు ఇచ్చేదాకా కదిలేది లేదని గుమాస్తా ఎదుట బైఠాయించింది. పిల్ల రాగం అందుకునేసరికి అతని రూలు కాస్తా సడలింది. ఎవరో మగమనిషి వదిలేసిన పాత ప్యాంటొకటి బల్లమీద పడేశాడు.

పరీక్షనాడు ఆ ప్యాంటే బెల్టుతో బిగించి, కింద మడతలు పెట్టుకుని వెళ్ళింది. అధికారి ఎగాదిగా చూసి, ఒళ్ళు చేశావే అన్నాడు. చేశానంది. బస్తా భుజానికెత్తుకుని, మధ్యలో ఎక్కడా ఆగకుండా పైదాకా ఎక్కింది. గడువు ఇంకా మిగిలే ఉంది.

దిగి వచ్చేసరికి గేటు దగ్గర మొగుడి చేతుల్లో చంటిది కేకలు పెడుతోంది. అత్తగారు టిఫిను డబ్బా మూత తీసి సిద్ధంగా ఉంది. నిచ్చెనక్క కింది మెట్టు మీద కూలబడి, పిల్లను ఒళ్ళోకి తీసుకుని తువ్వాలు కప్పి, రెండో చేత్తో గుడ్డు అందుకుంది. అంతలో అధికారి, పరీక్ష నెగ్గినట్టు రాసిన కాగితం పట్టుకుని వచ్చి, లేచి సంతకం పెట్టు, నాకు అవతల బోలెడు పనులున్నాయన్నాడు.

ఆమె తలెత్తలేదు.

"ఇద్దరం తింటున్నాం సార్. ఆగండి."

కాగితం చేత్తో పట్టుకుని ఆయన ఎండలో నిలబడ్డాడు.