కాంటా ఎక్కిన గిటారు

ఆ రోజుల్లో మా ఇళ్లలో భయం కూడా ఉప్పు పప్పులతో పాటు నిత్యావసర వస్తువే. చదువుకున్న వాడికి అది మరికొంత ఎక్కువగా అందేది. మా వంశంలో బి.ఏ. పట్టా చూసిన మొదటివాణ్ణి కావడం వల్ల నేను ఏ పని చేసినా, ముందు దానికి భయపడి, ఆ తర్వాతే చేసేవాణ్ణి. అటువంటి నేను ఒక గిటారు కొన్నానంటే, ఇప్పటికీ నాకే పూర్తిగా నమ్మకం కుదరదు.

నిజామాబాదులో చదువుకునే కాలంలో మా వసతి గృహంలో ఒక మిత్రుడు గిటారు వాయించేవాడు. అతడు పాడైన పళ్లవాడూ, పరీక్ష తప్పినవాడూ అయినా, వాయిస్తున్నంతసేపూ అందగాడిలా కనిపించేవాడు. ఆ అందం నాకూ కావాలనిపించింది. అయితే మా నాన్నకు, అంటే బాపుకు, వాయిద్యమంటే పడదు. ఆయన తమ్ముడు, మా చిన్నబాపు, యౌవనంలో ఒక హార్మోనియం వెంట నాటకాల వాళ్లతో వెళ్లిపోయి, చాలా ఏళ్లకు గాని తిరిగి రాలేదు. అందుచేత, "బాజా ఇంట్లకొస్తె మనిషి బయటికి వోతడు" అన్నది మా బాపు స్థిరాభిప్రాయం. పైగా నాకు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ కాంటా దగ్గర, అంటే చెరుకు బండ్లు తూచే చోట, గుమాస్తా ఉద్యోగం అప్పుడే దొరికింది. అదీ తాత్కాలికమే. పని నచ్చితే ఉంచుతారు, నచ్చకపోతే పంపుతారు.

అయినా మొదటి జీతం చేతికందాక వచ్చిన ఆదివారం నాడు నేను నిజామాబాదు బస్సెక్కాను. పెళ్లిళ్ల బ్యాండుకు వాయిద్యాలు బాగుచేసే ఒక ఉస్తాద్ దుకాణంలో గోడకు గిటారు వేలాడుతుండేదని నాకు తెలుసు. లోపలికి వెళ్లి, "అది ఒకసారి చూడవచ్చునా?" అని అడిగాను. ఆయన దాన్ని తీసి నా ఒళ్లో పెట్టాడు. గిటారును ఎలా పరీక్షించాలో నాకు తెలియదు. మా బాపు ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తాడు, మా అమ్మ, అంటే అవ్వ, కుండను కొనేటప్పుడు వేలితో కొడుతుంది. దీనికి పళ్లు లేవు గనుక వేలితో కొట్టి, చెవి ఆనించి విన్నాను.

"అరె భాయ్, గది కుండ గాదు. తీగలు మీటి సూడు" అన్నాడు ఉస్తాద్.

"తెగిపోతాయేమో?"

"తెగితె కొత్తయి ఏస్త. నీకు వాయించనీకి వస్తదా?"

"రాదండి. కొన్న తర్వాత నేర్చుకుందామని."

ఆయన నన్ను కాసేపు జాలిగా చూసి, "జర పైలం. ఎండల పెట్టకు, నీళ్లల్ల పెట్టకు, కోపంల పట్టకు" అని చెప్పి, ఒక పాత ధోవతిలో దాన్ని చుట్టి, సుతిలితో కట్టి ఇచ్చాడు. (మూడో హెచ్చరిక ఎందుకు చేశాడో నాకు ఇప్పటికీ బోధపడలేదు. నాకు కోపం రావడానికి భయం ఎన్నడూ చోటివ్వలేదు.)

తిరుగు ప్రయాణంలో బస్సులో అందరూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది. పక్కన కూర్చున్న పెద్దావిడ, "ఏంది నాయనా గది, సొరకాయనా?" అని అడిగితే, అవునన్నాను. గుడ్డలో చుట్టుకొని అంత భద్రంగా తీసుకుపోయే సొరకాయను ఆమె ఏమనుకుందో తెలియదు. మా చేను బాట పక్కనే ఉండటం వల్ల అక్కడే దిగాను. ఎదురుగా చెరుకు నింపిన మా బండి నిలబడి ఉంది. బాపు ఎద్దులకు నీళ్లు తాపడానికి బావి దగ్గరికి వెళ్లాడు. ఇంట్లోకి ఆ మూటతో ఎలా పోవాలా అని బస్సులో పడిన వేదనకంతా ఒక్క క్షణంలో పరిష్కారం దొరికినట్టయింది. ఫ్యాక్టరీలో మా బండి వంతు మర్నాడు సాయంత్రానికి. రాత్రంతా బండి మా వాకిట్లోనే ఉంటుంది. ఉదయం బాపు చేనికి వెళ్లగానే గిటారును తీసి అటకెక్కించవచ్చు. ఇంత చక్కగా ఆలోచించి, మూటను బండి వెనుక నుంచి చెరుకు గడల మధ్యకు నెట్టి, పైన నాలుగు గడలు సర్ది, చేతులు దులుపుకొని బావి దగ్గరికి వెళ్లాను. పట్టభద్రుడి తెలివి అంటే ఏమిటో ఆ క్షణంలో నాకు తెలిసివచ్చినట్టనిపించింది.

తెల్లవారి లేచి చూస్తే వాకిలి ఖాళీగా ఉంది.

"అవ్వా, బండేది?"

"మీ బాపు కోడి కూయంగనే కట్టుకోని వొయ్యిండు బిడ్డ. పక్కింటోళ్లతోని వంతు మార్సుకున్నడు. పొద్దటి పూట కాంటా కాడ నువ్వుంటవు గద. నీ చేత్తోని తూకం ఏయించుకుంటడట. కొత్త రుమాలు సుట్టుకోని మరీ వొయ్యిండు."

 చెరుకు బండిలో చెరుకు కానిది ఏది దొరికినా, తూకం పెంచడానికి పెట్టిన దొంగ బరువు కిందే లెక్క. కొద్ది రోజుల క్రితమే గడల నడుమ తడి మట్టి దొరికిందని ఒక రైతు వంతు మొత్తం రద్దు చేశారు. ఇక కాంటా గుమాస్తా తండ్రి బండిలోనే దొరికితే? దొరకకపోతే ఇంకా ఘోరం. తూకం అయిన చెరుకు గొలుసుల పట్టా మీద పడి, నేరుగా గానుగ చక్రాల కిందికి పోతుంది. ఉద్యోగం పోవడమా, గిటారు పిప్పి కావడమా, బాపు పరువు పోవడమా అన్న మూడు భయాలనూ సైకిల్ వెనుక ఎక్కించుకొని బోధన్ దాకా తొక్కాను.

మా బండి వరుసలో చాలా ముందుకు వచ్చేసింది. ముందొక బండి, వెనుకొక బండి, చుట్టూ జనం. బాపు తలకు తెల్లటి రుమాలు చుట్టుకొని పెళ్లికొడుకు తండ్రిలా నిలబడ్డాడు.

"బాపు, నువ్వు పోయి చాయ తాగిరా. బండి నేను చూస్తా" అన్నాను.

"నౌకరి జేసే పిలగానివి, బండి కాడ నిలబడతవా? నలుగురు సూస్తె ఏమనుకుంటరు? పో, పొయ్యి కుర్సీల కూసో."

"కొంచెం చెరుకు సర్దాల్సి ఉంది బాపు."

"నువ్వు పుట్టకముందు నుంచి సర్దుతున్న. పో బిడ్డా."

వెళ్లి కూర్చున్నాను. నా పక్కన పెద్ద గుమాస్తా గారు. కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, మాట పొదుపు. కాంటా దండె మీద బరువును జరిపి తూకం పైకి చదవడం నా పని, దాన్ని సరిచూసుకొని రాయించడం ఆయన పని. మా బండి ఇనుప పలక మీదికి ఎక్కుతుండగా వెనుక చక్రం అంచు తగిలి ఎగిరిపడింది. చెరుకు లోపలి నుంచి ఒక దీర్ఘమైన మూలుగు వినిపించింది.

"పటేలా, నీ బండ్ల పిల్లి జొచ్చినట్టున్నదే" అన్నాడు వెనుక బండి రైతు.

"నా బండ్ల పిల్లెందుకుంటది? ఇరుసుకు నూనె లేదు, గంతే" అన్నాడు బాపు.

నా చెయ్యి దండె మీద వణుకుతోంది. దండె కూడా వణుకుతోంది. "చెయ్యి తీస్తే కదయ్యా అది నిలబడేది" అన్నారు పెద్ద గుమాస్తా గారు. చెయ్యి తీశాను. నోరు తెరిచి తూకం చదవాలి. చదివితే అది నేను స్వయంగా పలికిన తప్పుడు తూకం అవుతుంది. లేచి నిలబడ్డాను. నా నోట వచ్చిన మాటలు ఇవి: "సార్, ఈ శకటంలో చెరుకేతర వస్తువు ఒకటి ఉన్నట్లు తమకు మనవి చేసుకుంటున్నాను."

(శకటం అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. భయం వేస్తే నాకు గ్రాంథికం వస్తుంది.)

 బాపు నా వైపు చూసిన చూపును వర్ణించలేను. చౌకీదారు గడలు లాగి మూట బయటికి తీశాడు, సుతిలి విప్పాడు. పెద్ద గుమాస్తా గారు కళ్లజోడు సర్దుకొని, "ఎవరిదిది?" అని అడిగారు.

నేను నోరు తెరిచాను. శబ్దం రాలేదు.

"నాది సార్" అన్నాడు బాపు.

"నీదా? ఏదీ, వాయించు చూద్దాం."

బాపు గిటారును అప్పుడే పుట్టిన దూడను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకున్నాడు. అటూ ఇటూ చూసి, బొటనవేలితో పై తీగ నుంచి కింది తీగ దాకా ఒక్కసారి గీశాడు. తీగలన్నీ ఒక్కపెట్టున మోగాయి. ఎద్దులు చెవులు నిక్కించాయి. 

"తర్వాత?" అన్నారు పెద్ద గుమాస్తా గారు.

"గంతే సార్. ఇప్పుడిప్పుడే నేర్సుకుంటున్న."

జనం నవ్వారు. ఆ నవ్వులో నా గొంతు తిరిగి వచ్చింది. "కాదు సార్, నాది. నిన్న కొన్నాను. ఇంట్లో చెప్పడానికి భయపడి బండిలో దాచాను. మా బాపుకు ఏమీ తెలియదు" అన్నాను. అదే నా ఉద్యోగానికి చివరి వాక్యమని అనుకున్నాను.

 ఆయన బండిని పలక మీద నుంచి దింపించి, గిటారు ఒక్కదాన్నే దాని మీద పెట్టించారు. అంత పెద్ద ఇనుప పలక నడుమ అది పడుకొని ఉంది. దండె కదలలేదు. ఆయన వంగి చూశారు. అప్పుడూ కదలలేదు.

"కాంటాకే కనబడలేదు, నేనేం రాయనయ్యా? ఈసారి కొంటే భుజానేసుకుని గేట్లోంచే రా. ముందు మీ నాన్న బండి మళ్లీ తూచు."

తూచాను. వణకకుండా, గట్టిగా చదివాను. బాపు ఆ అంకెను వెనుక రైతుకు మళ్లీ చెప్పాడు. అతడు విన్నాడని తెలిసినా ఇంకొకసారి చెప్పాడు.

సాయంత్రం ఇంటి ముందు కూర్చున్నప్పుడు అడిగాను. "నీదని ఎందుకన్నవు బాపు?"

"నీదంటె నిన్ను కుర్సీల కెల్లి లేపుతరు. నన్నేడికెల్లి లేపుతరు?"

"నాదని నీకెట్ల తెలిసింది?"

"నీ మొగం సూస్తె ఎద్దులకు గూడ తెలుస్తది" అని, "వాయించు, ఇందాం" అన్నాడు.

కాంటా దగ్గరకన్నా అప్పుడే నాకు ఎక్కువ భయమేసింది. ఒక్కొక్క తీగను విడివిడిగా, తప్పు చేస్తున్నట్టు మీటాను. బాపు కళ్లు మూసుకొని ఓపికగా విన్నాడు. "పొద్దుగాల నేను వాయించిందే మంచిగుండె" అన్నాడు చివరికి.

ఆ మాటలో అబద్ధం లేదు. తర్వాత ఏళ్ల తరబడి సాధన చేసి నేను ఆ వాయిద్యాన్ని మర్యాదగా వాయించడం నేర్చుకున్నాను. వాకిట్లో ఇద్దరు ముగ్గురు కూర్చొని వింటే చెయ్యి వణకదు కూడా. కాని మూడు భయాలను మోసుకుంటూ బోధన్ బాట మీద సైకిల్ తొక్కిన ఆ కుర్రాడు గుర్తొచ్చిన రోజు, తలుపు దగ్గరగా వేసుకొని, గిటారును రెండు చేతులా ఎత్తుకొని, బొటనవేలితో పై తీగ నుంచి కింది తీగ దాకా ఒక్కసారి గీస్తాను. బాపు వాయించినట్టు రాదు. నవ్వుకొని, మళ్లీ ప్రయత్నిస్తాను.