పలక దుమ్ముకు అవతల కూర్చున్న మామ

సోమవారం. పొద్దుటి నుంచి మబ్బు, వాన లేదు. షాపు ముందు ఊడ్చి నీళ్ళు చల్లాను. షట్టరు ఎత్తలేదు. రోజూ జమాఖర్చులకు ముందు ఇలా రెండు ముక్కలు రాసుకోవడం నా అలవాటు. ఈరోజు లెక్కలేమీ లేవు. మొన్న శుక్రవారం తెల్లవారుజామున మామ చనిపోయారు. సాయంత్రం మట్టి ఇచ్చి వచ్చాం.

మామ నాకు బంధువు కారు. మార్కాపురంలో ఈ రిపేరు షాపు ఆయనది, అందులో పని నేర్చుకున్నవాణ్ణి నేను. ఇంట్లో ఉర్దూ, షాపులో తెలుగు మాట్లాడేవారు. మొదటి రోజే నన్ను అల్లుడా అని పిలిచారు, నేను మామా అన్నాను, అంతే. వయసులో ఉండగా ఆయన పలకల ఫ్యాక్టరీలో కోత మిషను మీద పనిచేశారు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. తర్వాత రేడియోలు, టీవీలు, చివరికి కంప్యూటర్లు బాగుచేస్తూ బతికారు గానీ దగ్గు మాత్రం వదల్లేదు. ఇక దుమ్ము పీలిస్తే బతకవని ఒంగోలు డాక్టరు కచ్చితంగా చెప్పాడు. మా ఊళ్ళో ఏ కంప్యూటర్ విప్పినా ముందు బయటికొచ్చేది దుమ్మే.

షాపు మానుకోమంటే ఆయన వినలేదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. మామ రోడ్డుకు అవతల టీకొట్టు బెంచీ మీద కూర్చునేవారు. నేను ఇవతల అరుగు మీద మిషను విప్పేవాణ్ణి. విప్పే ముందు స్క్రూడ్రైవర్‌కు ఒక దారం కట్టి పైకెత్తి చూపాలి. దారం ఆయన వైపు ఊగితే ఆ రోజు దుమ్ము దులపడం లేదు, వేరే పని చూసుకోవాల్సిందే. చెప్పాల్సిందంతా అక్కడి నుంచే కేకేసి చెప్పేవారు. మధ్యలో బస్సు వస్తే మాట ఆగి, బస్సు పోయాక అక్కడి నుంచే మొదలయ్యేది.

"మీ ఇద్దరికీ ఒక మైకు పెట్టిస్తా మామా, నా గిరాకీ అంతా బెదిరిపోతాంది" అనేవాడు టీకొట్టతను.

"టీ తాగి బెదిరిపోతాండారు గానీ, నా గొంతుకు కాదులే" అనేవారు మామ.

పోయిన ఎండాకాలం, పెళ్ళిళ్ళ రోజుల్లో, వీడియో మిక్సింగ్ చేసే అమ్మాయి ఒకామె ఆటోలో సీపీయూ తెచ్చింది. పెళ్ళి వీడియో సగం తయారవగానే తెరంతా చారలొచ్చి మిషను ఆగిపోతోందట.

"గ్రాఫిక్స్ కార్డు పోయిందంటన్నా. కొత్తది కొనాలంట" అంది నాతో.

"పోయిందని ఎవరు చూసినారు?" అన్నారు మామ అవతలి నుంచి. "ముందు జ్వరం ఎంతుందో చూడు అల్లుడా."

కార్డు వేడి ఎంతో చూపించే అంకెను తెర మూలన పెట్టి, ఆమె వీడియోనే నడిపించాను. అంకె ఎక్కుతూ పోయింది. చారలొచ్చాయి. కాస్త చల్లబడనిచ్చి, పక్క రేకు తీసేసి, టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టి మళ్ళీ నడిపించమన్నారు. ఈసారి అంకె దిగింది, చారల్లేవు.

"కార్డు బతికే ఉంది. దానికి ఊపిరాడటంలేదు" అన్నారు. మామూలుగానే అన్నారు. నేను తల ఎత్తలేదు.

కార్డు ఊడదీస్తే, దాని వేడిని లాగే సన్న రేకుల మధ్య బూడిదరంగు దుమ్ము నొక్కి కూరినట్టుంది. బ్లోయరు ఆన్ చేయబోతుంటే అవతలి నుంచి కేక: "ఫ్యాను రెక్కను వేలితో పట్టుకొని ఊదు. గిరగిరా తిప్పి ఆడుకోవాకు, ఇరుసు అరుగుతాది." చిప్పు మీద వేడిని లాగే పేస్టు ఎండి పెచ్చులు లేచింది. తుడిచి కొత్తది పెట్టాను. "శనగగింజంత చాలు. దోసె పోస్తాండావా ఏంది?" ఆయన చూపు ఆ దూరానికి కూడా ఆనేది.

అన్నీ బిగించి, రేకు మూసి నడిపిస్తే అంకె మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి ముఖం వాడిపోయింది. నాకూ కార్డు మీద ఆశ పోయింది.

మామ లేచి రోడ్డు దాటి వచ్చారు. రావద్దన్నాను. వినలేదు. దారం తీసుకొని సీపీయూ ముందు జాలీ దగ్గర పట్టుకున్నారు. లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి, దారం మాత్రం కదల్లేదు.

"గాలి లోపలికి పోవడంలేదు. ఈ ముఖం ఊడదీయ్" అన్నారు.

తీశాను. జాలీ వెనక పాత వాయిల్ గుడ్డ, మడత మీద మడత వేసి అంటించి ఉంది. దుమ్ము పట్టి అట్టలాగా బిగుసుకుపోయింది.

"మా వీధిలో అన్నీ పలకల పాలిష్ యూనిట్లే మామా. దుమ్ము లోపలికి పోకూడదని నేనే అంటించినా" అంది ఆ అమ్మాయి మెల్లగా.

మామ ఆ గుడ్డను చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మేం గూడా కట్టుకున్నాం తల్లీ, ముక్కుకు. తడిపి మరీ కట్టుకునేవాళ్ళం. దుమ్ము లోపలికి పోనే పోయింది, ఊపిరి గూడా ఆడకపాయె. దుమ్ము పడితే తెచ్చి ఊదించుకో. గాలికి మాత్రం అడ్డం పెట్టొద్దు."

తర్వాత చాలాసేపు దగ్గారు. ఆ అమ్మాయే నీళ్ళ గ్లాసు పట్టుకొని పక్కన నిలబడింది. సాయంత్రానికి వీడియో పూర్తిగా తయారైంది. త్రిపురాంతకం వైపు జరిగిన చర్చి పెళ్ళి. మామ బెంచీకి పోకుండా మొత్తం చూశారు.

"పెళ్ళికొడుకు ఒక్కసారన్నా నవ్వలేదే. ఇది గూడా మమ్మల్నే రిపేరు చెయ్యమంటావా?" అన్నారు. ఆ అమ్మాయి అప్పుడు నవ్వింది.

వానలు మొదలయ్యాక ఆయన బెంచీ దాకా నడవలేకపోయారు. మసీదు కమిటీ వాళ్ళు ఆక్సిజన్ మిషను ఇచ్చారు, వాడుకొని తిరిగి ఇచ్చే పద్ధతి మీద. నేను సాయంత్రాలు వెళ్ళి ఆ రోజు ఏమేం వచ్చాయో చెప్పేవాణ్ణి. "గాలి ఆడుతోందా?" అని ఒక్కో మిషను గురించీ అడిగేవారు. ఆడుతోందంటే తృప్తిగా కళ్ళు మూసుకునేవారు. నేను స్కూల్లో ఎక్కువ చదువుకోలేదు. చేతిలో ఉన్న పనీ, తొందరపడి దేన్నీ చచ్చిపోయిందనకూడదన్న బుద్ధీ ఆయన పెట్టినవే. ఈ మాట ఆయన ఉండగా అనలేకపోయాను. అంటే ఏదో ఎకసెక్కం ఆడి ఉండేవారు.

ఇందాక మామ ఇంటి నుంచి అత్త ఫోన్ చేసింది. ఆక్సిజన్ మిషను పుల్లలచెరువు దగ్గర ఒకాయనకు కావాలట. ఆయనా పలకల్లో పనిచేసినవాడే.

"ఊరికే ఇచ్చి పంపొద్దు అల్లుడా. ఒకసారి చూసిపో" అంది.

వచ్చాను. ఇది మామ ఇంట్లోనే కూర్చొని రాస్తున్నాను. మిషను వెనక మూత తీస్తే చిన్న స్పాంజి ఉంటుంది, గాలి అందులోంచే లోపలికి పోతుంది. చేతులు లేచినన్నాళ్ళూ మామే దాన్ని కడుక్కునేవారట. కుళాయి కింద పెట్టి పిండితే నీళ్ళు పలక రంగులో దిగాయి. తేటగా వచ్చేదాకా పిండి కిటికీ గట్టు మీద పెట్టాను. తడిది పెట్టకూడదు.

ఆ పుల్లలచెరువు ఆయన కూతురు ఆటో దిగి వచ్చింది. బయట ఆటో ఇంజను ఆపకుండానే ఉంది.

"ఎంతసేపు పడతాదన్నా? మా నాయన ఒక్కడే ఉన్నాడు" అంది.

ఎండ లేదు, ఆరడానికి టైం పడుతుందన్నాను. ఆమె కిటికీ దగ్గరికి పోయి కొంగుతో స్పాంజికి విసరడం మొదలుపెట్టింది. అత్త లోపలి నుంచి విసనకర్ర తెచ్చి తనూ పక్కన నిలబడింది. ఇద్దరూ విసురుతున్నారు. అది ఆరగానే మిషనులో బిగించి, దారం పట్టి గాలి ఆడుతోందో లేదో చూసి పంపాలి.